మూడు నెలల విరామం తర్వాత ఫుల్ డిస్టెన్స్ ట్రయథ్లాన్‌కి ట్రైనింగ్ మళ్ళీ ఎలా మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: గోవాలో హాఫ్ డిస్టెన్స్ పూర్తి చేశారు, ఆ తర్వాత మూడు నెలలకు పైగా దాదాపు ఏమీ చేయలేదు, ఇప్పుడు నవంబర్‌లో మలేషియాలో ఫుల్ డిస్టెన్స్ పెట్టుకున్నారు. అంటే 3.8 కి.మీ. ఈత, 180 కి.మీ. సైకిల్, 42.2 కి.మీ. పరుగు. ఇల్లు కొండాపూర్, ఉద్యోగం ఉంది, ఎండలు ముదురుతున్నాయి. మొదటి రెండు నెలలు ఏం చేయాలి?

మార్చి మొదట్లో అందుకుంటే నవంబర్‌కి 34 వారాలకు పైనే ఉంది కాబట్టి తొందర లేదు. మానేసి మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది మొదటి కొన్ని వారాల్లోనే. గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే దారికొచ్చేస్తాయి. మడమ వెనక టెండన్‌కి (కండని ఎముకకి కలిపే తాడుకి), అరికాలికి, మోకాలి కింది ఎముకకి నెలలు పడుతుంది. ఊపిరి ఆడుతోంది కదా అని పరుగు పెంచేస్తాం, కాలు పట్టేస్తుంది. అందుకే మొదటి ఎనిమిది వారాల ప్లాన్ ఊపిరిని చూసి కాదు, కాలిని చూసి వేసుకోండి.

పరుగు వారానికి ఐదు సార్లు, ఒక్కోసారి 25-30 నిమిషాలే. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, పక్కవాళ్ళతో ఆయాసం లేకుండా మాట్లాడగలిగే వేగంలో. వారమంతా ఊరుకుని ఆదివారం ఒక్కసారే 15 కి.మీ. లాగే పద్ధతి ఇప్పుడు అస్సలు వద్దు. మూడో వారం నుంచి నడక తీసేసి, ఒక్క రోజు పరుగుని మాత్రమే వారానికి 5-8 నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోతే, ఎనిమిదో వారానికి 70-75 నిమిషాలు అవుతుంది. అది చాలు. మీకు బొటానికల్ గార్డెన్ దగ్గరే, అక్కడి మట్టిబాట సిమెంటు రోడ్డు కంటే కాలికి మేలు. స్టేడియం ట్రాక్ మీద చేస్తే సగంలో దిశ మార్చండి, ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతుంటే మోకాలి బయటి పక్క నొప్పి పట్టుకుంటుంది.

రోజూ పొద్దున మంచం దిగగానే మొదటి పది అడుగులు గమనించండి. మడమ బిగుసుకుని ఉండి ఐదు నిమిషాల్లో వదిలితే ఆ రోజు పరుగు సగానికి తగ్గించండి. అరగంటైనా వదలకపోతే పరుగు మానేసి సైకిల్ ఎక్కండి. దీంతోపాటు వారానికి మూడు రోజులు మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి, మూడు సెకన్లు పైకి, మూడు సెకన్లు కిందికి, 12 సార్ల చొప్పున మూడు సెట్లు చేయాలి. రెండు వారాలు రెండు కాళ్ళతో, తర్వాత ఒంటికాలితో, ఆ తర్వాత వీపు బ్యాగులో ఐదు కిలోల బియ్యం వేసుకుని. చూడ్డానికి చిన్న పనే, కానీ ఫుల్ డిస్టెన్స్‌లో 30 కి.మీ. దాటాక పరుగుని నిలబెట్టేది ఈ పిక్కలే.

వాచీలో పోయినేడాది గుండె వేగం జోన్లు అలాగే ఉంటాయి, వాటిని నమ్మొద్దు. మూడో వారం చివర కొత్తగా కొలుచుకోండి. 15 నిమిషాలు వార్మప్, తర్వాత 30 నిమిషాలు ఒంటరిగా, చివరిదాకా నిలబెట్టగలిగినంత గట్టిగా. పది నిమిషాలకి ల్యాప్ నొక్కండి, మిగతా 20 నిమిషాల సగటు గుండె వేగమే మీ థ్రెషోల్డ్, అంటే ఎక్కువసేపు నిలబెట్టగలిగే గరిష్ఠ గుండె వేగం. సైకిల్‌కి, పరుగుకి విడివిడిగా చేయాలి, సైకిల్ మీద సాధారణంగా 5-10 బీట్లు తక్కువ వస్తుంది. సైకిల్ థ్రెషోల్డ్ 160 అనుకుంటే, ఈ రెండు నెలలు మీ సవారీ దాదాపు అంతా 130-142 మధ్యే ఉండాలి. మరీ నెమ్మదిగా ఉందే అనిపిస్తుంది, ఉండనివ్వండి.

ఈతకి హైదరాబాద్‌లో ఇదే సరైన కాలం. చాలా కొలనుల్లో నీళ్ళు వేడిచేయరు కాబట్టి చలికాలం కుదరదు. ఏప్రిల్, మేలో సమ్మర్ క్యాంపు పిల్లలతో లేన్లు నిండిపోతాయి, మొదటి బ్యాచ్‌కే వెళ్ళండి. వేగం కొలవడానికి 400 మీటర్లు, విశ్రాంతి తీసుకుని 200 మీటర్లు గట్టిగా ఈదండి. 400కి 9:20, 200కి 4:20 పట్టిందనుకోండి, తేడా 5 నిమిషాలు. అది 200 మీటర్లకి, అంటే 100కి 2:30, ఎక్కువసేపు నిలబెట్టగలిగే మీ వేగం అదే. వారానికి మూడు ఈతల్లో ఒకటి ఇలా చేయండి: 100 మీటర్లు పదిసార్లు, దానికంటే కాస్త నెమ్మదిగా ఒక్కోటి 2:38-2:40లో, మధ్యలో 15 సెకన్లు విరామం.

25 మీటర్ల కొలనులో 3.8 కి.మీ. అంటే 152 లెంగ్తులు, గోడని 151 సార్లు తన్నడం. సముద్రంలో ఆ గోడ ఉండదు. కాబట్టి రెండు వారాలకోసారి గోడకి రెండు మీటర్ల ముందే నీళ్ళలో తిరిగిపోతూ 800 మీటర్లు ఈదండి, ఎనిమిది స్ట్రోకులకోసారి కళ్ళు మాత్రం నీళ్ళపైకి తెచ్చి ముందుకి చూస్తూ. ఓపెన్ వాటర్ ప్రాక్టీస్ అని గండిపేటలోనో హిమాయత్‌సాగర్‌లోనో దయచేసి దిగకండి. అవి ఊరి తాగునీటి చెరువులు, పైగా కాపాడేవాళ్ళెవరూ ఉండరు.

సైకిల్‌కి ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మెయిన్ రోడ్డు ఎక్కనివ్వరు. పక్కనే ఉన్న 23 కి.మీ. సోలార్ కప్పు ట్రాక్ ఏరో బార్ల (ముందుకి వంగి మోచేతులు ఆనించుకునే హ్యాండిల్) మీద స్థిరంగా కూర్చోవడం అలవాటు చేసుకోవడానికి బాగుంటుంది, శని ఆదివారాల్లో మాత్రం పొద్దున ఐదింటికల్లా అక్కడ ఉండాలి. వారం మధ్యలో రెండు రోజులు ఇంట్లో ట్రైనర్ (సైకిల్ బిగించి ఉన్నచోటే తొక్కే స్టాండు) మీద గంట చొప్పున, ఫ్యాన్లు రెండు పెట్టుకుని చేయండి. మొత్తం గంటలు మొదటి వారం ఆరు, ఎనిమిదో వారానికి తొమ్మిది. ప్రతి నాలుగో వారం మూడో వంతు తగ్గించండి.

మన ఎండాకాలపు పొడిగాలిలో చెమట పట్టిందే తెలియదు, పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. జెర్సీ మీద తెల్లటి ఉప్పు గీతలు చూస్తేగానీ ఎంత పోయిందో అర్థం కాదు. మలేషియా తేమలో సంగతి వేరు: చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. అందుకే ఇప్పట్నుంచే లెక్క రాసుకోండి. గంట ట్రైనింగ్‌కి ముందూ తర్వాతా ఒళ్ళు తుడుచుకుని బరువు చూసుకోండి. ముందు 72.0, తర్వాత 70.8, మధ్యలో అర లీటరు తాగారు, అంటే గంటకి 1.7 లీటర్లు పోతోంది. అంతా తిరిగి తాగక్కర్లేదు, పొట్ట పట్టదు. బరువు పెరిగి తిరిగొచ్చారంటే మాత్రం నీళ్ళు ఎక్కువైపోయాయి, ఒంట్లో సోడియం పలచబడిపోవడం చాలా ప్రమాదం.

750 మి.లీ. బాటిల్‌లో 60 గ్రాముల పంచదార, పావు టీస్పూను ఉప్పు, ఒక నిమ్మకాయ: గంటకి ఒక బాటిల్. పంచదారలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్, పేగులో రెండూ వేర్వేరు దారుల్లో లోపలికి వెళ్తాయి కాబట్టి పొట్ట బరువెక్కదు. మొదట గంటకి 40 గ్రాములతో మొదలుపెట్టి రెండు వారాలకోసారి పది పెంచండి. షుగర్ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ఇది చేయొద్దు. ఓఆర్ఎస్ వాడితే లీటరు ప్యాకెట్‌ని పూర్తి లీటరులోనే కలపాలి, అర లీటరులో చిక్కగా కలిపితే విరేచనాలు పట్టుకుంటాయి.

ఇక సైకిల్ విషయం. చెయిన్ ఎంత సాగిందో కొలిచే గేజ్ పెట్టి చూడండి, 11 స్పీడ్‌లో (వెనక 11 గేర్లున్న బండికి) 0.5 శాతం సాగితే చెయిన్ మార్చేయాలి. ఆలస్యం చేస్తే క్యాసెట్ (వెనక చక్రం గేర్ల) పళ్ళు కూడా అరిగి ఖర్చు రెట్టింపవుతుంది. ట్యూబ్‌లెస్ టైర్లయితే మన వేడికి సీలెంట్ (పంక్చర్ మూసే ద్రవం) రెండు మూడు నెలల్లో గడ్డకడుతుంది, చక్రం ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినిపించాలి. అన్నిటికన్నా ముఖ్యం, ట్రైనర్ మీద వాడిన బండికి హ్యాండిల్‌బార్ టేప్ విప్పండి. అల్యూమినియం బార్ మీద, ముఖ్యంగా బ్రేక్ లివర్ బిగించిన చోట, తెల్లటి పొడి ఉందేమో తడిబట్టతో తుడిచి చూడండి. తుడిచినచోట నున్నగా ఉంటే ఫరవాలేదు. గోరుకి గుంటలు తగిలితే చెమట ఉప్పు లోహాన్ని తినేసిందన్నట్టే, ఆ బార్‌తో ఒక్క రోజు కూడా రోడ్డెక్కకండి, అది చెప్పకుండా విరుగుతుంది. కొత్త టేప్ చుట్టాక, ట్రైనర్ మీద కూర్చున్న ప్రతిసారీ బార్ మీద తువ్వాలు వేయండి, దిగాక స్టెమ్ (హ్యాండిల్‌ని సైకిల్‌కి బిగించే ముక్క) బోల్టులు తడిబట్టతో తుడిచి ఆరబెట్టండి.