క్యూబిజం: గీతను ఎక్కడ తెరవాలి?

ప్రశ్న: మా పిల్లలు చెంబు బొమ్మ వేసి, స్కేలుతో త్రికోణాలుగా విడగొట్టి, ముక్కకో రంగు నింపుతున్నారు. ఇది క్యూబిజమేనా? (డ్రాయింగ్ మాస్టారు, ఏలూరు)

జవాబు: కాదండీ. క్యూబిజం అంటే ఒకే వస్తువును పలు కోణాల నుంచి చూసినట్టు ఒకే చిత్రంలో వేసే పద్ధతి; ముక్కలు చేసినంత మాత్రాన అది అయిపోదు. 1908 వేసవిలో ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ బ్రాక్ దక్షిణ ఫ్రాన్స్‌లోని లెస్టాక్‌లో ఇళ్ళు వేశాడు. వాటికి తలుపుల్లేవు, కిటికీల్లేవు. ఆ నవంబరులో పారిస్‌లోని కాన్‌వైలర్ గ్యాలరీలో వాటిని చూసిన విమర్శకుడు లూయీ వాక్సెల్, అంతా ఘనాలే (క్యూబులే) అని రాశాడు. పేరు ఘనాల మీద పడింది గానీ అసలు కిటుకు అంచుల్లో ఉంది. ముందుతరం ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ చిత్రాలు చూసి బ్రాక్ పట్టుకున్నది అదే: ముక్కకు ఒకవైపు అంచు మూసి, ఇంకోవైపు తెరిచి ఉంచడం. తెరిచిన చోట గోడ రంగు పైకప్పులోకి జారిపోతుంది. దీన్ని ఫ్రెంచిలో 'పాసాజ్' అంటారు. మీ పిల్లలు అన్ని వైపులా నల్లగీతతో మూసేస్తున్నారు, అందుకే ముక్కలు ముందుకు రావు, వెనక్కి పోవు.

ఇలా చేయించి చూడండి. ఏ3 కాగితం, చార్‌కోల్ తీసుకుని చెంబును కూర్చుని ఒకసారి, నిలబడి పైనుంచి ఒకసారి, ఒకే కాగితం మీద గీయించండి. గీతకు ఒక పక్కనే నీడ వెయ్యాలి. గీత దగ్గర చిక్కగా మొదలై రెండు మూడు సెంటీమీటర్లలో తెలుపులో కలిసిపోవాలి. ఆ తెలుపుకు అడ్డొచ్చే గీతను రబ్బరుతో తీసెయ్యాలి. రంగులు కావాలంటే ఓకర్ (పసుపు మట్టి రంగు), అంబర్ (ముదురు గోధుమ మట్టి రంగు), నలుపు, తెలుపు చాలు. 1910, 11లలో పికాసో, బ్రాక్ కూడా ఇంచుమించు వీటితోనే సరిపెట్టుకున్నారు. రంగులు ఎక్కువైతే కన్ను వాటి వెంటే పోతుంది, ఎగుడుదిగుడు కనబడదు.

చెంబు మూతి ఒక్కటైనా ఆనవాలుగా మిగలాలి, లేకపోతే బొమ్మ వట్టి గజిబిజి. బ్రాక్ 1909లో వేసిన 'వయొలిన్, పాలెట్' చూపించండి. వయొలిన్ విరిగినట్టున్నా తీగలు పోల్చుకోవచ్చు. పైన పాలెట్ (రంగులు కలిపే పలక) వేలాడే మేకును మాత్రం అచ్చం పాత పద్ధతిలో, నీడతో సహా వేశాడు. రెండు పద్ధతులూ ఒకే చిత్రంలో దొరకడం మీ క్లాసుకు మంచి వరం.

ప్రశ్న: కాగితాలు అతికించడం ఎవరు మొదలుపెట్టారు? నేను అతికించిన న్యూస్‌పేపర్ ఏడాదికే పసుపెక్కింది.

జవాబు: 1912లో పికాసో, పేము అల్లిక అచ్చేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను ఒక చిన్న కోలచిత్రంలో అతికించి, చుట్టూ నిజం తాడు కట్టాడు. ఆ సెప్టెంబరులో బ్రాక్ చెక్క చారల వాల్‌పేపర్ కొని, ముక్కలు కోసి చార్‌కోల్ బొమ్మకు అంటించాడు. ఇళ్ళకు రంగులేసే కుటుంబంలో పుట్టినవాడు, దువ్వెనతో చెక్క చారలు తీయడం అతనికి ఆ పనిలోనే అబ్బింది.

న్యూస్‌పేపర్‌లో కలప గుజ్జు తాలూకు లిగ్నిన్ అనే పదార్థం ఉండిపోతుంది. వెలుతురు, గాలి తగిలితే అదే పసుపెక్కుతుంది. వాళ్ళు వాడిన పేపర్లూ అలాగే రంగు మారాయి. పేపర్‌ను ఆమ్లం లేని కాగితం మీద జిరాక్స్ తీసి అదే అతికించండి. గోధుమ స్టార్చ్ జిగురు వెనకంతా పల్చగా రాసి, కాగితం సాగేదాకా రెండు నిమిషాలు ఆగి అంటించి, రాత్రంతా బరువు పెట్టండి. ఆగకపోతే అంటించాక సాగి ముడతలు పడుతుంది.

ప్రశ్న: ఆ ఇద్దరు కాక ఇంకెవరిని చూడాలి?

జవాబు: ముందు స్పెయిన్ చిత్రకారుడు హువాన్ గ్రిస్. 1912లో ఆయన వేసిన పికాసో రూపచిత్రంలో ఏటవాలు గీతల వల మధ్య ముఖం ఇంకా తెలుస్తూనే ఉంటుంది. తర్వాత లెజే, మెట్జింగర్, గ్లేజ్. 1911లో పారిస్ ఇండిపెండెంట్ల (స్వతంత్ర చిత్రకారుల) ప్రదర్శనలో 41వ గదిలో జనం క్యూబిజమని చూసింది వీళ్ళ చిత్రాలనే. పికాసో, బ్రాక్ అక్కడ ఒక్కటీ పెట్టలేదు.