ముందు ఫైళ్లను విడిపించు, సిస్టం సంగతి తర్వాత

అల్లుడూ,

హన్మకొండలో యూనివర్సిటీ రోడ్డు మీద షాపు కిరాయికి తీసుకున్నావని, నాలుగు పాత సిస్టంలు కొన్నావని మీ అమ్మ చెప్పింది. క్రాక్ చేసిన విండోస్, ఆఫీస్, పేజ్‌మేకర్ వేయించి షాపు తెరవాలా, విండోస్ బదులు వేసుకునే లైనక్స్‌కి పోవాలా అని అడిగినవు. లైనక్స్‌కే పో. కానీ అందరూ పోయే వరుసలో పోకు. అందరూ ముందు విండోస్ తీసి లైనక్స్ వేస్తారు. వారం తిరగకముందే ఏదో ఒక పాత ఫైలు తెరుచుకోదు, గిరాకి ఎదురుగా నిలబడి ఉంటాడు, మళ్లీ పాతదే వేయిస్తారు. ముందు ఫైళ్లు మారాలి, తర్వాత వాటిని తెరిచే సాఫ్ట్‌వేర్, ఆఖరున ఆపరేటింగ్ సిస్టం.

క్రాక్ జోలికి మాత్రం పోవద్దు. దొంగ యాక్టివేటర్ నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటుంది. అట్లా ఆపిన సిస్టం ముందే కూర్చుని జనం ఆధార్ నంబరు, బ్యాంకు పాస్‌వర్డు, ఓటీపీ కొడతారు. లోపల ఏం నడుస్తున్నదో నీకే తెలియకుంటే వాళ్లకు ఏం జవాబు చెప్తవు? కొత్త సిస్టంలు కూడా ఇప్పుడే అక్కర లేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ దాదాపుగా 8వ తరం నుంచి ఉండాలి. నువ్వు కొన్నవి నాలుగో తరం ఐ3లు. అవి ఖరాబు కాలేదు, రోజంతా టైపింగ్, ప్రింటింగ్ చేయగలవు. మంచిగ నడిచే యంత్రాన్ని ఎప్పుడు మూలకు పెట్టాలో అమ్మిన కంపెనీ తేల్చడం నాకు న్యాయంగా కనిపించదు. పాత హార్డ్‌డిస్కులు తీసి ఒక్కోదానికి 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, మొత్తం 8 జీబీ ర్యామ్ పెట్టించు. నాలుగో తరానికి డీడీఆర్3 ర్యామే పడుతుంది. షాపువాడు డీడీఆర్4 ఇస్తే స్లాట్‌లో కూర్చోదు.

లైనక్స్ లాంటి వాటిని ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటరు. ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకీ ‘ఫ్రీ’ ఒకటే మాట కాబట్టి అది రాసేవాళ్లు దశాబ్దాలుగా వివరణ ఇచ్చుకుంటున్నరు. మనకా తిప్పలు లేదు. గూగుల్ ఇచ్చే 15 జీబీ ఉచితం. రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికా ప్రోగ్రామర్ 1983లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించి అడిగింది స్వేచ్ఛ: ప్రోగ్రామును ఏ పనికైనా నడపడం, లోపల చూసి మార్చుకోవడం, పది మందికి పంచడం, మార్చినదాన్ని కూడా పంచడం. హైదరాబాదులో ఈ పని చేసే స్వేచ్ఛ సంస్థ పేరే అది. నీ షాపులో దీనికి అర్థం ఒక్కటే: రేపు ఏ సాఫ్ట్‌వేర్ వదిలేసినా నువ్వు టైప్ చేసిన మ్యాటర్ నీతో రావాలి.

మ్యాటర్ ఎక్కడ చిక్కుకుంటుందో చూడు. మన దగ్గర డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు పేర్చే పని) అంటే పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, అడోబీ ఆ తర్వాత కొత్త వెర్షన్ తేలేదు. అను ఫాంట్లలో తెలుగు అక్షరం బొమ్మగా మాత్రమే ఉంటుంది, దాని కింద దాగేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కోడు. ఫాంటు లేని సిస్టంలో తెరిస్తే గజిబిజి గుర్తులు తేలేది అందుకే. ఫైల్లో పేరు వెతికితే దొరకదు, వాట్సాప్‌లో అతికిస్తే చదవరాదు. యూనికోడ్‌లో అట్లా కాదు. ‘క’ అంటే ఫోన్‌లోనూ, లైనక్స్‌లోనూ, విండోస్‌లోనూ ఒకటే కోడు.

కాబట్టి షాపు తెరిచిన మొదటి రోజు నుంచి కొత్త మ్యాటరంతా యూనికోడ్‌లోనే కొట్టించు. టైపిస్టుకు ఆపిల్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్ అలవాటైతే బలవంతంగా ఇన్‌స్క్రిప్ట్ అనే ఇంకో లేఅవుట్‌కు మార్చకు, చేతివేగం పడిపోతే నెల రోజుల్లో మానేస్తడు. లైనక్స్‌లో ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్, దానికి తోడు ఎం17ఎన్ ప్యాకేజీలు వేస్తే తెలుగుకు ఆపిల్, ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ లేఅవుట్లు వస్తయి. ఫాంట్లకు కొదవ లేదు: రామభద్ర, మండలి, ఎన్‌టీఆర్, సూరన్న, పెద్దన, ధూర్జటి అన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సువే, పెళ్లి కార్డు మీద ఏ భయం లేకుండా వాడుకో.

ఇక్కడ రెండు చోట్ల అందరూ తడబడతారు. మొదటిది పొల్లు. ‘ఆన్‌లైన్’ కొట్టబోతే ‘ఆన్లైన్’ అని లకారం వత్తుగా కిందికి పోతుంది. న్ తర్వాత కంటికి కనపడని విడదీసే గుర్తు ఒకటి పడాలి. లేఅవుట్‌లో దాని కీ తెలియకపోతే లైనక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, యు కలిపి నొక్కి 200సి కొట్టి ఎంటర్ ఇవ్వు. రెండోది, మైక్రోసాఫ్ట్ ఆఫీస్ బదులు వాడే లిబ్రె ఆఫీస్‌లో స్టైల్ తెరిచి ఫాంటు సైజు పెంచినా తెలుగు మాత్రం పెరగదు. ఫాంట్ పేజీలో పాశ్చాత్య లిపులకు ఒక వరస, మన లిపులకు ఇంకో వరస ఉంటయి, నువ్వు మార్చింది మొదటిది. ముందు టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజెస్‌లోకి పోయి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ కింద తెలుగు ఎంచుకుంటే ఆ రెండో వరస కనిపిస్తుంది.

పాత అను ఫైళ్లను మార్చే కన్వర్టర్లు ఉన్నయి. పేర్లున్న ప్రతి లైను మనిషి కంటితో చూడాలి, ముఖ్యంగా వత్తులు, అంకెలు. అఫిడవిట్లు, సేల్‌డీడ్‌లు తెలియని వెబ్‌సైట్లో అతికించకు. ఊరూ సర్వే నంబరూ ఉన్న కాగితం అది.

విద్యార్థులు తెచ్చే రెజ్యూమెలు లిబ్రె ఆఫీస్‌లో చెదిరితే కారణం చాలాసార్లు ఫాంటే. కాలిబ్రి బదులు కార్లిటో, కేంబ్రియా బదులు కలాడియా వేసి పెట్టు, అక్షరాల వెడల్పు అచ్చం అంతే కాబట్టి లైన్లు కదలవు. పాస్‌పోర్ట్ ఫొటోకు ఫొటోలు దిద్దే గింప్ చాలు: 35 × 45 మిల్లీమీటర్లు, 300 డీపీఐ, అంటే 413 × 531 పిక్సెళ్లు. 4 × 6 షీట్‌ను అడ్డంగా పెడితే వరసకు నాలుగు చొప్పున ఎనిమిది పడతయి. ఫ్లెక్సీ డిజైన్ ఇంక్‌స్కేప్‌లో చేసి, ప్రెస్సుకు పంపే కాపీలో తెలుగును పాత్‌గా, అంటే గీతల బొమ్మగా మార్చు, లేకుంటే వాళ్ల దగ్గర వత్తులు విడిపోతయి. అసలు ఫైలు మాత్రం మార్చకుండా దాచుకో, తిథో పేరో తప్పు పడితే దిద్దాలి కదా. ఆఫ్‌సెట్‌కు నాలుగు రంగుల పీడీఎఫ్ కావాలంటే ఇంక్‌స్కేప్‌తో కాదు, పేజీలు పేర్చే స్క్రైబస్‌తో చెయ్యి. 1.6 వెర్షన్ తీసుకో, పాత 1.4లో తెలుగు సరిగ్గా కూర్చోదు.

ఈ పనులన్నీ విండోస్ మీద ఉండగానే మొదలుపెట్టు. లిబ్రె ఆఫీస్, గింప్, ఇంక్‌స్కేప్, ఫైర్‌ఫాక్స్ అక్కడా నడుస్తయి. చెయ్యి తిరిగినాక సిస్టం మారినా తేడా తెలియదు.

లైనక్స్‌లో మింట్ అనేది, అందులో పాత సిస్టంల మీద తేలికగా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం దించుకో. 8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతుంది. ఫైలు దిగినాక షా256 చెక్‌సమ్ (ఫైలు సరిగ్గా దిగిందో లేదో తేల్చే కోడు) సరిచూడు, సగం దిగిన ఫైలుతో ఇన్‌స్టాల్ మధ్యలో ఆగుతుంది. ముందు పెన్‌డ్రైవ్ మీదనే నడిపి వైఫై, స్కానర్, సౌండ్ చూసుకో. ఎక్కడైనా విండోస్ పక్కనే ఉంచుతావా? అయితే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపు, ఆపకుంటే ఆ డ్రైవ్ లైనక్స్‌లో చదవడానికే గాని రాయడానికి రాదు. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉందేమో చూసి రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకో.

ప్రింటర్లు అసలు పరేషాన్. హెచ్‌పీ 1020కి ఆన్ చేసిన ప్రతిసారీ ఫర్మ్‌వేర్ కంప్యూటరే పంపాలి, అందుకు హెచ్‌పీ ప్లగిన్ దింపాలి. లైనక్స్‌లో హెచ్‌పీ డ్రైవర్ పేరు హెచ్‌పీలిప్, దాని వెర్షన్ మారితే ప్లగిన్ కూడా అదే వెర్షన్ కావాలి, అప్‌డేట్ తర్వాత ప్రింట్ ఆగిందంటే ముందు అది చూడు. క్యానన్ 2900 తో మాత్రం కొట్లాడకు, దాని డ్రైవర్ లైనక్స్‌లో నిలకడగా ఉండదు. ఒక సిస్టం మీద అసలైన లైసెన్సుతో విండోస్ ఉంచి 2900 దానికే పెట్టు. మిగతా సిస్టంలలో పీడీఎఫ్ చేసి షేర్డ్ ఫోల్డర్‌లో వేస్తే అక్కడి నుంచి కొట్టొచ్చు. ట్యాలీ, డిజిటల్ సంతకం టోకెన్లు, వేలిముద్ర యంత్రాలు కూడా దాని మీదనే. వాటి సాఫ్ట్‌వేర్ ఎక్కువగా విండోస్‌కే రాస్తారు, దానికి సిగ్గుపడేది ఏం లేదు. ఇంక ప్రింటర్ కొనేటప్పుడు డబ్బా మీద ఎయిర్‌ప్రింట్ ఉందా చూడు, ఉంటే డ్రైవర్ లేకుండానే నడుస్తుంది.

గిరాకీలు కూర్చునే సిస్టంలలో గెస్ట్ సెషన్ పెట్టు. మింట్‌లో లాగిన్ విండో సెట్టింగుల్లో ఉంటుంది. లాగౌట్ కాగానే డౌన్‌లోడ్లు, తెరిచి వదిలేసిన వాట్సాప్ వెబ్, అన్నీ పోతయి. అప్లికేషన్ పీడీఎఫ్ కూడా పోతుంది కాబట్టి లేచేముందు మెయిల్‌కో పెన్‌డ్రైవ్‌కో వేసుకొమ్మని గోడ మీద పెద్దగా రాయి. షాపు ఫోన్‌కు వచ్చే ఆధార్ ఫొటోలను ఎవరూ పట్టించుకోరు. వాట్సాప్ నుంచి గ్యాలరీలోకి, బ్యాకప్ ఆన్‌లో ఉంటే అక్కడి నుంచి గూగుల్ ఫొటోస్‌లోకి పోతయి. వాట్సాప్‌లో మీడియా విజిబిలిటీ, ఫొటోస్‌లో ఆ ఫోల్డర్ బ్యాకప్ రెండూ ఆపు, ప్రింట్ తీసినాక చాట్‌లోంచీ తుడిచెయ్యి. చాలా పనులకు చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుంది, ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ సైట్లో దించి ఇవ్వు. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తేల్చింది. ముసలమ్మ పెన్షన్ కాగితం నీ టేబుల్ మీద ఉన్నంతసేపు ఆ హక్కు నీ చేతిలో ఉన్నట్టే.

పెద్ద కంపెనీలన్నీ చెడ్డవని, ఓపెన్ సోర్స్ అంటే గంగాజలమని నేను అనను. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న ఓపెన్ సోర్స్ ముక్కలో ఎవరో దొంగదారి పెట్టారు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వి పట్టుకున్నడు. ఆయన అప్పుడు మైక్రోసాఫ్ట్ ఉద్యోగే. కోడు అందరి ముందు ఉంది కాబట్టి బయటి మనిషి తవ్వగలిగిండు. ఇట్లాంటివి దొరికినాక దిద్దుబాటు అప్‌డేట్‌లోనే వస్తుంది, వారానికోసారి తప్పకుండా వెయ్యాలని చెప్పేది కూడా ఇందుకే.

గూగుల్ ఖాతా ఉంచుకో, కానీ షాపు లెక్కలు, డిజైన్లు అక్కడ ఒక్కచోటే పెట్టకు. రెండేళ్లు వాడని ఖాతాను తీసేయొచ్చని వాళ్ల నియమాల్లోనే ఉంది. మూడు నెలలకోసారి గూగుల్‌లోనే ఉండే టేకౌట్‌తో అన్నీ దించి బయటి హార్డ్‌డిస్క్‌లో వెయ్యి, దించిన జిప్ ఒకసారి తెరిచి చూడు.

నాలుగు సిస్టంలూ ఒకే రోజు మార్చకు, పదిహేను రోజులకు ఒకటి చాలు. అడ్మిషన్లప్పుడు, మేడారం జాతర ముందు ఫ్లెక్సీల గిరాకి ఉన్నప్పుడు అస్సలు ముట్టకు. మూఢాలు వచ్చినప్పుడు పెళ్లి కార్డుల పని ఉండదు, మొదటి సిస్టం అప్పుడు మార్చు. ఇన్‌స్టాల్ చేసే రోజు ఫోన్ చెయ్యి. డిస్కు పార్టిషన్ల పేజీ వచ్చినప్పుడు ఫొటో తీసి పంపు, నేను చూసినాకే ముందుకు నొక్కు.

మీ మామ