వెన్నుపాము జబ్బులు: ఏది చెడలేదో ముందు చూడండి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. విదేశంలో ఎంబీబీఎస్ పూర్తి చేసి వచ్చి, అలాంటివారు ఇక్కడ రాయవలసిన అర్హత పరీక్ష ఎఫ్‌ఎంజీఈకి చదువుతున్నాను. వెన్నుపాముకు వచ్చే అరుదైన జబ్బుల మీద ప్రశ్న వచ్చినప్పుడల్లా నాలుగు ఆప్షన్లూ సరైనవిగానే కనిపిస్తున్నాయి. పట్టికలు ఎంత బట్టీ పట్టినా నిలవడం లేదు. వీటిని గుర్తుపట్టే పద్ధతి ఏమైనా ఉంటే చెప్పగలరు. మా వైపు లాఖోళీ పప్పు తింటే కాళ్లు పడిపోతాయని పెద్దవాళ్లు అంటారు. అది కూడా చదవాలా?
— ఒక పాఠకురాలు, సిరోంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: పట్టికలు సాధారణంగా ఏ జబ్బులో ఏం పోతుందో చెబుతాయి. వెన్నుపాము దెబ్బతిన్నవారిలో ఎక్కువమందికి కాళ్లు బిగుసుకుని బలం తగ్గుతుంది కనుక, పోయినదాన్ని బట్టి వెతికితే నాలుగు ఆప్షన్లూ సరిపోయినట్టే ఉంటాయి. 300 ప్రశ్నల పరీక్షలో ఒక్కోదానికి దొరికేది ఒక నిమిషం. ఆ నిమిషంలో ముందు చూడవలసింది, ఏది చెడకుండా మిగిలింది అన్నది. 'కంపనం మామూలుగా తెలుస్తోంది' అని ప్రశ్న రాసేవారు ఊరికే రాయరు.

ఇందుకు మూడు నాడీమార్గాలు గట్టిగా తెలిస్తే చాలు. వెనుక ఉండే డోర్సల్ కాలమ్‌లు కంపనాన్ని, కీళ్ల స్థితిని మెదడుకు చేరవేస్తాయి. ముందువైపు పక్కగా ఉండే స్పైనోథాలమిక్ మార్గం నొప్పిని, వేడిని, చల్లదనాన్ని మోస్తుంది. పక్క భాగంలోని కార్టికోస్పైనల్ మార్గం కదలికల ఆజ్ఞలను కిందికి తెస్తుంది.

పొట్టలోని బృహద్ధమనికి ఆపరేషన్ జరిగిన రోగికి హఠాత్తుగా రెండు కాళ్లూ చచ్చుబడి, సూది గుచ్చినా నొప్పి తెలియక, బొటనవేలి ఎముక మీద ఆనించిన 128 హెర్ట్జ్ శృతిదండం కంపనం మాత్రం స్పష్టంగా తెలుస్తోందంటే, డోర్సల్ కాలమ్‌లకు రక్తం అందుతోందని, ముందరి వెన్ను ధమని మూసుకుపోయిందని అర్థం. చేతుల మీద తెలియకుండా కాలిన మచ్చలున్నా దూది తాకితే తెలుస్తోందంటే సిరింగోమైలియా. అందులో వెన్నుపాము నడుమ ఏర్పడిన కుహరం, అడ్డంగా దాటే నొప్పి నారలను దెబ్బతీస్తుంది.

విటమిన్ బి12 లోపంలోనూ, ముదిరిన సిఫిలిస్ వల్ల వచ్చే టేబీస్ డోర్సాలిస్‌లోనూ కంపనం పోతుంది, కళ్లు మూసుకుంటే రోగి తూలుతాడు. అరికాలు గీసినప్పుడు బొటనవేలు పైకి లేస్తే కార్టికోస్పైనల్ మార్గం కూడా చెడిందని, అంటే బి12 వైపు చూడాలని గుర్తు. టేబీస్‌లో అది పైకి లేవదు. రక్తంలో బి12 సరిగ్గా ఉండి, జీర్ణాశయానికి ఆపరేషన్ జరిగిన చరిత్రతో ఇవే లక్షణాలు కనిపిస్తే రాగి లోపాన్ని మరవకండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

ఇక లాఖోళీ. తప్పకుండా చదవాలి. మీ జిల్లా అమ్మాయి దీన్ని వదిలేయకూడదని నా ఉద్దేశం. ఖేసరి అని పిలిచే ఈ పప్పును తూర్పు విదర్భలో వరి కోతకు ముందు, చేలో తేమ ఉండగానే చల్లుతారు. వానలు లేకపోయినా పండుతుంది కాబట్టి కరువులో పేదవాడికి అదే దిక్కయ్యేది. 1961లో దేశంలో దీని అమ్మకాన్ని నిషేధించారు. ఇందులోని బీటా-ఓడాప్ అనే విషపదార్థం కార్టికోస్పైనల్ మార్గాన్ని దెబ్బతీస్తుంది. ఎప్పుడో ఒకసారి తిన్నంత మాత్రాన కాదు, నెలల తరబడి అదే ప్రధాన ఆహారమైనప్పుడు ఈ లాథిరిజం వస్తుంది. రోగి మోకాళ్లు కత్తెరలా ఒకదానికొకటి రాసుకుంటూ, మడమలు నేలకు ఆనక, కర్ర ఊతంతో మునివేళ్ల మీద నడుస్తాడు. అంత బిగుతు ఉన్నా సూది గుచ్చితే తెలుస్తుంది, కంపనం తెలుస్తుంది, మూత్రం మీద అదుపు చాలావరకు చెడదు. పప్పు మానేస్తే సాధారణంగా ముదరదు, అలాగని పోయిన బలం తిరిగి రాదు.

ఆప్షన్లలో హెచ్‌టీఎల్‌వీ-1 అనే వైరస్ వల్ల వచ్చే వెన్నుపాము జబ్బు ఉంటే మూత్రం సంగతి చూడండి. అందులో ఆ ఇబ్బంది తరచుగా, చాలాసార్లు తొలిదశలోనే వస్తుంది. వెన్నెముక క్షయలో నడుమునొప్పి, ఒక మట్టం నుంచి కిందికి స్పర్శ తగ్గడం ఉంటాయి. కొంజో కూడా లాథిరిజం లాగే కదలికలనే చెరుస్తుంది, కానీ అది ఆఫ్రికాలో సరిగ్గా శుద్ధి చేయని చేదు కర్రపెండలం తిన్నవారిలో ఒక్కసారిగా వస్తుంది.

పరీక్షలో ఇంతవరకు చాలు, వార్డులో చాలదు. లాఖోళీ తిన్న చరిత్ర ఉన్నా, స్పర్శ అంతా బాగున్నా, కాళ్లు బిగుసుకున్న రోగికి వెన్ను ఎమ్మారై చేయించకుండా లాథిరిజం అని రాయకండి. వెన్నుపామును నొక్కుతున్న గడ్డో క్షయో ఉంటే దానికి చికిత్స ఉంది, ఆలస్యమైతే ఆ అవకాశం పోతుంది.