గోడ దాటే పైపు గురించి రాస్తున్న బిడ్డకు

బిడ్డా,

నీ వ్యాసం చదివాను. రామగుండం దగ్గర ట్యాంకుల యార్డులో డ్యూటీ చేసుకుంటూనే, ట్యాంకు పగిలితే నూనె బయటికి పోకుండా చుట్టూ కట్టే డైక్ గోడ గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు పెద్ద సంతోషం. ఆ గోడల దగ్గర పని చేసే మేస్త్రీలు, ఫిట్టర్లు చదువుకోవడానికి వాళ్ల భాషలో ఏముందని? అందుకే దాపరికం లేకుండా రాస్తున్నాను, నొచ్చుకోకు.

మొదటి రెండు పేజీలూ భద్రత ఎంత ముఖ్యమో చెప్పడానికే సరిపోయాయి. అసలు సంగతి, అంటే పైపు గోడను దాటే చోటు, నాలుగు వాక్యాల్లో ముగిసింది. ‘రంధ్రాన్ని నిబంధనల ప్రకారం సీల్ చేయాలి’ అని రాసి వదిలేశావు. దేనితో సీల్ చేయాలి? ఎప్పుడు? ఎవరు చూడాలి? సుత్తి, ఉలి పట్టుకుని గోడ ముందు నిలబడ్డ మనిషికి ఆ వాక్యం ఎందుకూ పనికిరాదు. ఆ రెండు పేజీలు తీసేసి, గోడ కంత దగ్గర మొదలుపెట్టు.

మన పాఠకుడికి దారి చూపడానికి చెరువు కట్ట ఉండనే ఉంది. రామప్ప, పాకాల, లక్నవరం చూసిన జిల్లాల వాళ్లం. కట్టలో తూము ఉన్న చోట, దాని పక్క మట్టి సరిగ్గా పట్టకపోతే అక్కడే ఊట మొదలై కట్ట తెగుతుందని ఊళ్లో పెద్దలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. డైక్ గోడా అంతే. లోపలున్న ట్యాంకుల్లో పెద్దది పగిలినా, అందులోని సరుకంతా గోడ లోపలే ఆగాలి. ఆ లెక్క కట్టే గోడ లేపుతారు. తర్వాత పైపు కోసం దానికి మనమే కంత కొడతాం. ఇంత సూటిగా చెబితే మిగతాది వాళ్లే వింటారు.

ఇక కంత దగ్గర ఆగి రాయి, తొందరపడకు. మామూలుగా జరిగేది నీకూ తెలుసు. గోడ ముందే కట్టేస్తారు, లైన్ తర్వాత వస్తుంది. కంత కొట్టి, పైపు దూర్చి, చుట్టూ సిమెంటు మాలు కూరి నున్నగా పూస్తారు. ఆ రోజు చూడటానికి బాగానే ఉంటుంది. కానీ ఉక్కు పైపు ఊరికే ఉండదు. 30 మీటర్ల లైన్, 40 డిగ్రీల వేడి తేడాకు దాదాపు 14 మిల్లీమీటర్లు సాగుతుంది. మన దగ్గర మే నెల మధ్యాహ్నం ఎండకు, డిసెంబరు తెల్లవారుజాము చలికి మధ్య పైపు మీద ఆ తేడా ఉంటుంది. దీనికి తోడు, నిండిన ట్యాంకు బరువుకు పునాది కాస్త కుంగితే పైపునూ కిందికి లాగుతుంది. కొన్నాళ్లకు పైపు చుట్టూ వెంట్రుకవాసి చీలిక వస్తుంది. వాన పడ్డాక గోడ బయటి ముఖం చూడు, పైపు కింద సన్నగా తుప్పు రంగు చార కనిపిస్తుంది. ఆ చార గురించి ఒక పేరా రాయి. రూల్ నంబరు మరిచిపోయినవాడికి కూడా ఆ చార గుర్తుంటుంది.

తర్వాత స్లీవ్ గురించి చెప్పు. పైపు కంటే పెద్ద గొట్టం, దాని నడుమ చుట్టూ వెల్డ్ చేసిన పళ్లెం లాంటి ఫ్లాంజ్. కాంక్రీటు పోసేటప్పుడే దాన్ని గోడలో కలిపేస్తే నీళ్లు దాని వెంట పాకలేవు. పైపు ఆ గొట్టంలోంచి పోతుంది. మధ్య ఖాళీని మంటకు ఆగే, నూనెకు ఉబ్బని, కాస్త సాగే సీలెంట్‌తో నింపాలి. గోడ మందంలో పైపుకు వెల్డ్ జాయింట్ కానీ, బోల్టులతో బిగించే ఫ్లాంజ్ జాయింట్ కానీ రాకూడదు, అక్కడ కారినా ఎవరికీ కనబడదు.

మంటకు ఆగేదని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, 2005 డిసెంబరు 11న ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ డిపోలో ట్యాంకు పొంగి, పెట్రోలు ఆవిరి అంటుకుంది. ఆ వేడికి గోడల కీళ్లలో, పైపులు దూరిన చోట్ల సీలెంట్లు నిలవలేదు. ఇంధనం, ఆర్పడానికి కొట్టిన నీళ్లు, నురగ కలిసి బయటికి కారి భూగర్భజలం దాకా చేరాయి. ఇది నీ వ్యాసంలో తప్పకుండా ఉండాలి.

నా మటుకు నేను గట్టిగా నమ్మేది, గోడ మీదుగా పోగల ప్రతి లైనూ మీదుగానే పోవాలి. కంతే లేకపోతే సీల్ గొడవే లేదు. నువ్వు దీన్ని ఒక్క వాక్యంలో తోసేశావు. అయితే ఇబ్బందులూ రాయి. పంపుకు పోయే సక్షన్ లైన్ గోడెక్కి దిగితే పైన గాలో ఆవిరో చేరి, పంపు లాగలేకపోవచ్చు. బయట లైన్ తెగితే, ముందే నిండి ఉన్న పైపు ట్యాంకును సైఫన్‌లా గుంజేయవచ్చు. జనం పైపుల మీద కాళ్లు పెట్టి దాటకుండా మెట్లు కూడా కట్టాలి. ట్యాంకులోకి నింపే లైన్ మీదుగా పోవడానికి మాత్రం సాధారణంగా అంత చిక్కు ఉండదు.

వాన నీళ్ల డ్రెయిన్ కూడా గోడ దాటే పైపే, నువ్వు దాన్ని మరిచావు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. అలాంటి వాన మీటరు ఎత్తు గోడ లోపల పడితే, డ్రెయిన్ మూసి ఉన్నప్పుడు 65 సెంటీమీటర్లు నీళ్లే. ట్యాంకు కప్పుల మీద పడిందీ లోపలికే జారుతుంది కనుక ఇంకా ఎక్కువే. అప్పుడు ట్యాంకు పగిలితే సరుకు ఎక్కడ పట్టాలి? పోనీ అని వాల్వ్ తెరిచి వదిలేస్తే గోడ ఉన్నా లేనట్టే. వాల్వ్ గోడ బయట ఉండాలి, ఎప్పుడూ మూసే ఉండాలి, నీళ్ల మీద నూనె తెట్టు లేదని చూశాకే తెరవాలి, నీళ్లు పోయేదాకా మనిషి పక్కనే నిలబడాలి. నైట్ షిఫ్ట్‌లో ఆ మనిషికి ఎంత టెన్షనో నువ్వు కళ్లారా చూసినదానివి, అదీ రాయి.

ఫోటోలు వద్దు. గోడను అడ్డంగా కోసినట్టు ఒక బొమ్మ గీయించు, అందులో స్లీవ్, ఫ్లాంజ్, సీలెంట్, పైపు విడివిడిగా కనబడాలి. తిరగరాశాక ముందు మీ యార్డు మేస్త్రీకి చదివి వినిపించు. అతను ఎక్కడ ఆపి అడిగాడో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి, ఆ కాపీయే నాకు పంపు.

ఆశీస్సులతో,
హన్మకొండ నుంచి