సంతకానికి ముందు ఈ లెక్క చూడు

బరంపురం

చి. శ్రావణికి మామయ్య ఆశీస్సులు.

గోపాలపూర్ దగ్గర సర్కారు స్థలంలో, సర్కారు వాటాతో, మీ కంపెనీ ఒక మెగావాట్ ఎలక్ట్రోలైజర్ (కరెంటుతో నీళ్లని విడగొట్టి హైడ్రోజన్ తీసే యంత్రం) పెడుతోందని మీ అమ్మ చెప్పింది. మన ఇంటి పిల్ల హైడ్రోజన్ తీస్తుందంటే పొంగిపోయాను. ఒప్పందం ముసాయిదాలో ‘రోజుకు 400 కిలోలు’ ఇస్తామని చూశాక మాత్రం నిద్ర పట్టలేదు.

పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు, నైట్రోజన్ పర్జింగ్ (నైట్రోజన్‌తో గొట్టాల్లోని గాలిని తరిమేయడం) నీకు తెలిసినవే. కిలో హైడ్రోజన్‌కి 9 లీటర్ల నీళ్లన్నది రసాయన లెక్క; ఆర్‌వో వదిలేసేవి, కూలింగ్‌వి కలిపితే రెట్టింపు దాటుతుంది. వేసవిలో ఋషికుల్య నదిని నమ్ముకోకు. నీటి కేటాయింపు కాగితం చేతికి వచ్చాకే పునాది తీయించు.

ఇక ఆ 400. కిలోకి 55 యూనిట్లు కాలుతాయి. అంటే మెగావాట్‌కి గంటకు 18 కిలోలు, 24 గంటలూ ఆపకుండా నడిస్తే 436. మెగావాట్ సోలార్ ఒక్కదాని మీదే నడిపితే రోజుకు 90 కూడా రాదు. అప్పుడేమవుతుంది? పెనాల్టీ భయంతో రాత్రిళ్లు గ్రిడ్ కరెంటు లాగుతారు. అందరూ చేసే పాత తప్పే ఇది. బొగ్గు మీదే ఎక్కువగా నడిచే మన గ్రిడ్ కరెంటు సగటున యూనిట్‌కి ముప్పావు కిలో దాకా కార్బన్ డయాక్సైడ్ మోస్తుంది. 2023 ఆగస్టులో కేంద్రం ‘గ్రీన్ హైడ్రోజన్’కి పెట్టిన హద్దు కిలో హైడ్రోజన్‌కి 2 కిలోలు, అదీ పన్నెండు నెలల సగటున. వాడే కరెంటులో ఇరవయ్యో వంతు గ్రిడ్‌దైతే చాలు, ఆ హద్దుకు ఆనుకున్నట్టే. పదో వంతైతే ‘గ్రీన్’ అన్న పేరు పోతుంది, దాని వెంట సబ్సిడీ కూడా. సర్కారు వాటాదారు స్థలం ఇచ్చి చేతులు దులుపుకుంటాడు, నష్టం మీ నెత్తిన పడుతుంది. ఇంత చదువుకుని ఈ గ్రిడ్ లెక్క ఎలా వదిలేశావే?

రోజువారీ అంకె కొట్టేయించి ఏడాది టన్నులు రాయించు. సోలార్, గ్రిడ్ మీటర్లు వేరువేరుగా, రీడింగు ఇద్దరికీ కనబడేలా ఉండాలి. ఒక పెద్ద స్టాక్ (హైడ్రోజన్ పుట్టే సెల్‌ల దొంతర) బదులు అర మెగావాట్‌వి రెండు అడుగు. ఆల్కలైన్ (క్షార ద్రావణంతో నడిచే) రకం యంత్రంలో లోడు 20–30 శాతం కిందికి పడితే హైడ్రోజన్ ఆక్సిజన్ వైపు చేరుతుంది, అక్కడ అది 2 శాతానికి వస్తే యంత్రం ట్రిప్పయి ఆగిపోతుంది. మబ్బు పట్టినప్పుడు ఒకటి ఆపి రెండోది నిండుగా నడుపుకోవచ్చు.

నా అసలు బెంగ షెడ్డు గురించి. 2013 ఫైలిన్ తరవాత ఈ తీరంలో గాలి దూరకుండా బిగించి కట్టడం అలవాటైంది. వంటగ్యాస్ నేలని పడుతుంది, హైడ్రోజన్ కప్పుకి ఎగబాకుతుంది. గాలిలో 4 శాతం చేరితే రవ్వ చాలు. వాన పడని మూతతో కప్పు కొసన వెంట్ తప్పనిసరి. డిటెక్టర్లూ అక్కడే, 0.4 శాతానికి మోగేలా, 1 శాతానికి ప్లాంటు ఆగేలా పెట్టించు.

రాత్రి డ్యూటీ నీదేనా అని మీ అత్త అడగమంది. నీదే అయితే ఒంటరిగా లోపలికి వెళ్లకు తల్లీ. పగలైనా వెళ్లకు, హైడ్రోజన్ మంట పగటి వెలుగులో కంటికి ఆనదు. అనుమానం వస్తే ముందు బయటి నుంచే వాల్వు కట్టేయించు. ఆ తరవాత కూడా అడుగు వేయాల్సి వస్తే ఎండు చీపురు బారచాపి పట్టుకుని నడువు, అంటుకుంటే వెనక్కి వచ్చేయ్.

దిద్దించిన ముసాయిదా ఈ వారంలోనే పంపు.

మామయ్య