లింకు ఇంటిపేరు చివర ఉంటది

ప్రశ్న: మా ఊరి రైతుల వాట్సాప్ గ్రూపుల పీఎం కిసాన్ కేవైసీ అని లింకు వచ్చింది. పంపినాయన తెలిసినాయనే. లింకుల 'గవ్ డాట్ ఇన్' అని కూడా ఉంది. నొక్కొచ్చా?
– ఒక రైతు, మిర్యాలగూడ

జవాబు: పంపినాయన పేరు లెక్కలోకి తీసుకోకండి. ఆయన ఫోను దొంగ యాప్ పాలైతే, ఆయనకు తెలియకుండానే అన్ని గ్రూపులకూ మెసేజ్ పోతుంది. లింకునే చదవాలి. నొక్కకుండా వేలితో అదిమిపట్టి కాపీ చేసి, నోట్స్‌లో పేస్ట్ చేయండి. మొదట్లో జంటగా వచ్చే ఏటవాలు గీతలు వదిలేసి, తర్వాతి ఒంటి గీత దగ్గర ఆగండి. అక్కడి నుంచి వెనక్కి చదవండి. అసలు సైటు 'పీఎంకిసాన్ డాట్ గవ్ డాట్ ఇన్'. ఆ వెంటనే గీతో, ఖాళీయో ఉండాలి. 'పీఎంకిసాన్ డాట్ గవ్ డాట్ ఇన్ డాట్ కేవైసీ డాట్ ఎక్స్‌వైజెడ్' అని ఉందా, అది సర్కారుది కాదు. మన ఇంటిపేరు ముందుంటుంది, సైటు ఇంటిపేరు చివర ఉంటుంది. తాళం గుర్తు చూసి మురిసిపోవద్దు, అది దొంగ సైట్లకూ ఉచితంగానే దొరుకుతుంది. చివర 'ఏపీకే' అని ఉంటే అది సైటు కాదు, యాప్. ముట్టుకోకండి.

ప్రశ్న: మా తమ్ముడు చలానా అనుకొని అట్లాంటి ఏపీకే ఎక్కించుకున్నడు. ఎస్సెమ్మెస్ పర్మిషన్ అడిగితే ఇచ్చిండు. ఇప్పుడేం చేయాలె?
– ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: ఆ పర్మిషన్‌తోనే ఓటీపీలు దొంగ చేతికి పోతాయి. ముందు ఫ్లైట్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆపండి. వేరే ఫోను నుంచి బ్యాంకుకూ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ చెప్పండి. డబ్బు పోయాక గంటలు గడిస్తే అది చాలా ఖాతాలు మారిపోతుంది, పట్టుకోవడం కష్టం. ఆ తర్వాతే యాప్ తీసేయండి. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయకపోతే, సెట్టింగ్స్‌లో 'డివైస్ అడ్మిన్ యాప్స్' వెతికి, అక్కడ దాని టిక్కు తీసి మళ్లీ ప్రయత్నించండి. పాస్‌వర్డ్‌లు, పిన్ వేరే ఫోన్లోనే మార్చాలి. సిగ్నల్ వచ్చాక ##002# డయల్ చేస్తే, కాల్స్ ఎటైనా మళ్లించి ఉంటే ఆ మళ్లింపు రద్దవుతుంది.

ప్రశ్న: మంచి లింకు నేను పంపాలంటే?
– ఒక టీచరు, దేవరకొండ

జవాబు: అది దేనికో పక్కన ఒక ముక్క రాయండి. పొట్టి లింకు వద్దు, పూర్తిది పెట్టండి. ప్రశ్నార్థకం తర్వాతి తోక చాలాసార్లు ఎవరు పంపారో పసిగట్టడానికే ఉంటుంది, కత్తిరించవచ్చు. కత్తిరించాక ఒకసారి తెరిచి చూడండి. యూట్యూబ్ పూర్తి లింకులో 'వీ ఈక్వల్ టు' తర్వాతిదే వీడియో గుర్తు, అది తీసేస్తే వీడియో రాదు.