డల్లాస్ టికెట్ తీసుకునే ముందు

చి.సౌ. లలితకు, అక్క ఆశీస్సులు.

అమ్మాయి పురిటికి జూన్‌లో డల్లాస్ వెళ్తున్నావని విని సంతోషించాను. ఉదయం 10 గంటలకు హైదరాబాద్‌లో ఎక్కితే అదే రోజు రాత్రి పదిన్నరకు దిగుతానని, పన్నెండున్నర గంటలే కదా అని మరిదితో అన్నావట. ఆ లెక్క నమ్మకు. టికెట్ మీద ఏ ఊరి సమయం ఆ ఊరి గడియారం ప్రకారమే వేస్తారు. వేసవిలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. అది కూడా కలుపుకుంటే నీ ప్రయాణం 23 గంటలు: దుబాయ్ దాకా నాలుగు, అక్కడ మూడు, ఆపైన ఏకబిగిన పదహారు.

దుబాయ్ మీదుగా వెళ్లడం చుట్టుతిరుగుడని ఎవరైనా అంటే పట్టించుకోకు. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు తిన్నగా కొలిస్తే సుమారు 14,400 కిలోమీటర్లు, ఆ గీత దాదాపు ఉత్తర ధ్రువం మీదుగా పోతుంది. దుబాయ్ మీదుగా అయితే 15,450. తేడా వెయ్యి కిలోమీటర్లే, గాలిలో గంట పైచిలుకు. సమయం తినేది దూరం కాదు, మధ్యలో ఆగడం. అబ్బాయి డబ్బు కలిసొస్తుందని రెండు చోట్ల ఆగే టికెట్ చూపిస్తే వద్దను. ఆ రెండో మజిలీ అమెరికాలోనే ఉంటే మరీ వద్దు. మొదట దిగిన అమెరికా ఊళ్లోనే ఇమిగ్రేషన్ చూసుకుని, పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటించి మళ్లీ అప్పగించాలి. అవతల తర్వాతి విమానం వేళ దగ్గర పడుతుంటుంది. ఒంటరిగా, మొదటిసారి వెళ్లేవాళ్లకు ఆ హడావిడి ఎందుకు?

ముందు సీటు వెనక తెర మీద విమానం పడమరకు బదులు ఉత్తరంగా, గ్రీన్‌లాండ్ వైపు పోతున్నట్టు కనిపిస్తే కంగారుపడకు. గుండ్రటి భూమి మీద అదే దగ్గరి దారి.

బీపీ మాత్ర ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో డాక్టర్‌ను ముందే అడిగి చీటీ మీద రాయించుకో. మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి, పచ్చళ్లు పెద్ద పెట్టెలోకి. వీల్‌చెయిర్ కావాలని టికెట్ తీసుకున్న రోజే చెప్పించు. మొహమాటపడితే దుబాయ్‌లో నీ కాళ్లే నిన్ను తిడతాయి.

దిగేసరికి అక్కడ రాత్రి, నీ ఒంటికి మాత్రం మర్నాటి ఉదయం తొమ్మిది. నిద్ర రాకపోయినా దీపం ఆర్పి పడుకో. మర్నాడు పగలు మాత్రం ఎంత ముంచుకొచ్చినా నడుం వాల్చకు.

తిరుగు ప్రయాణంలో పైగాలి పడమటి నుంచి తోస్తుంది కాబట్టి గంటకు పైగా తగ్గుతుంది. అయినా తేదీ ముందుకు జరుగుతుంది. అక్కడ మధ్యాహ్నం బయల్దేరితే ఇక్కడికి చేరేది మర్నాటి రాత్రికే. ఈ ముక్క మరిదికి ఇప్పుడే చెప్పు, లేకపోతే ఒక రోజు ముందే శంషాబాద్ వెళ్లి నిలబడతాడు.

నీ అక్క